నాయినను వెలివేసిన ఊరికి

ఆలేరు

ఆలేరు నుంచి మక్తల్ పోవాలనుకునేవాళ్లెవరూ నల్లగొండ మీదుగా పోరు. రైలెక్కి సికింద్రాబాదులో దిగి, అక్కడ బస్సు పట్టుకుంటే పొద్దుగూకేలోపు చేరిపోవచ్చు. మేము మాత్రం నల్లగొండ, దేవరకొండ, కల్వకుర్తి, జడ్చర్ల, నారాయణపేట అంటూ చుట్టూ తిరిగి నాలుగో రోజుకు చేరాం. మావారు ప్రభుదాసు రైల్వేలో పనిచేసి రిటైరైన మనిషి. దగ్గర దారి ఉండగా దూరపు దారి పట్టడం ఆయనకు అస్సలు గిట్టదు.

"గిదేం తిక్క రూటు సలోమీ? జాతరకు పోతున్నమా ఏంది?" అని బస్సెక్కేదాకా సణిగాడు.

నాకు ఆ దారే కావాలి. నలభై ఎనిమిదేళ్ల కింద, నాకు తొమ్మిదేళ్లప్పుడు, మా కుటుంబం మక్తల్ అవతలి ఒక ఊరి నుంచి బయటపడి ఆలేరు చేరింది ఆ దారినే. ఆ ఊరి పేరు ఇక్కడ రాయను. మమ్మల్ని వెలివేసిన పెద్దలు ఇప్పుడు లేరు. ఉన్నవాళ్లకు ఆ సంగతితో పని లేదు.

మేము కురుమలం. గొర్రెలు కాసుకునే ఇల్లు. నాయిన పేరు మల్లయ్య. యేసును నమ్ముకొని యోహాను అయ్యాడు. దానికి కులపెద్దలు బీరప్ప గుడి ముందు కూర్చొని మా ఇంటికి నిప్పు, నీళ్లు బంద్ చేశారు. మూడు రోజులు గడువిచ్చారు. నాయిన లొంగలేదు. నాలుగో నాడు ఊరు విడిచాం. ఆ మూడు రోజులూ తెల్లవారేసరికి మా పెరటి గోడ మీద ఒక నీళ్ల కుండ ఉండేది. ఎవరు పెట్టేవారో మాకు తెలియదు. దేవుడే పంపించాడని నాయిన అనేవాడు.

ఈ కథ నేను మా చర్చి సంఘంలో ముప్పై ఏళ్లుగా సాక్ష్యంగా చెబుతున్నాను. చెప్పిన ప్రతిసారీ ముందు వరుసలో ఆడవాళ్లు కొంగుతో కళ్లు ఒత్తుకుంటారు. నేను బడిపంతులమ్మగా చేసి మానుకున్నాను కాబట్టి చెప్పడం బాగానే వచ్చు. నిరుడు సంఘంలోని పిల్లలు వచ్చి, దాన్ని చిన్న పుస్తకంగా రాసిమ్మన్నారు. సరేనని కూర్చున్నాను. చెప్పేటప్పుడు జలజలా దొర్లే మాట రాసేటప్పుడు కదలలేదు. గోడ ఏ దిక్కున ఉండేది? నాయినను కొట్టింది ఎవరు? ఎన్ని దెబ్బలు? ఒక్క పేజీ కూడా నిండలేదు. చూసి రావాల్సిందే అనుకున్నాను.

నాయిన పోయాక మా దగ్గరే ఉంటున్న అమ్మను కూడా రమ్మన్నాను. ఆమెకు డెబ్భై అయిదు దాటినా ఇంకా గట్టిగానే ఉంది.

"మీరు పోయి రాండ్రి. నేను రాను" అంది.

"ఎందుకమ్మా? పుట్టినూరు కాకున్నా మెట్టినూరు గదా."

"నాకు ఆడ మొకం లేదు బిడ్డా" అని గోడవైపు తిరిగి పడుకుంది. వెలివేసిన కోపం ఇంకా తగ్గలేదనుకున్నాను.

నల్లగొండ

నల్లగొండలో దిగేసరికి ఆకలి దంచుతోంది. బస్టాండు పక్క సందులో ఒకామె తపాలచెక్కలు చేస్తోంది. బియ్యప్పిండిలో నువ్వులు, శెనగపప్పు, ఉల్లికాడలు కలిపి, తపాల లోపలి గోడకు అద్ది కాల్చే రొట్టె ఇది. మా ఆలేరులో సర్వపిండి అంటే, ఇక్కడ తపాలచెక్క అంటారు. ఒకటి ఇరవై రూపాయలు. అడుగు మాడి, పైన మెత్తగా, లోపల ఉల్లికాడ ఇంకా పచ్చిగా కరకరలాడుతూ ఉంటుంది. మావారు రెండు తిని మూడోదానికి చెయ్యి చాచాడు.

"యాడికి పోతున్నరు?" అని అడిగిందామె.

"మక్తల్ దిక్కు. మా పుట్టినూరు."

"ఎన్నొద్దులాయె పోక?"

"నలభై ఎనిమిదేండ్లు."

ఆమె చేతిలోని గరిట తపాల అంచు మీద ఆగింది. నన్ను పైనుంచి కింది దాకా చూసింది. "గన్నేండ్లకు పోతున్నవు, ఉత్త చేతుల్తోని పోకు బిడ్డా. ఎవలన్న మిగిలుంటే చేతుల వెట్టనీకె ఏమన్న కొనుక్కపో" అంది.

అప్పటిదాకా నాకు ఆ ఆలోచనే రాలేదు. నేను పోయేది సమాచారం కోసం. ఎవరైనా మిగిలి ఉంటారని, వాళ్ల చేతిలో ఏదైనా పెట్టాలని అనుకోలేదు. నాయినకు లచ్చవ్వ అని ఒక చెల్లెలుండేది. చిన్నప్పుడు నన్ను చంకనెత్తుకొని మందలో తిప్పేది. ఆమె ఒళ్లు ఉన్ని వాసన వచ్చేది. ఆ వాసన ఒక్కసారిగా నల్లగొండ సందులో గుర్తొచ్చింది.

దేవరకొండ

నాయిన మారింది ఇక్కడే. ఎండాకాలం మేత కోసం మందను తోలుకొని ఇంతదూరం వచ్చేవాడు. ఒక ఏడు ఇక్కడి బయళ్లలో చలిజ్వరం పట్టి పడిపోతే, ఊళ్లు తిరిగి సువార్త చెప్పే ముసలాయన ఒకరు తన ఇంటి అరుగు మీద పదిహేను రోజులు పడుకోబెట్టి గంజి పోశాడు. నాయినకు అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చు. ఆ ఇంట్లో ఒక చిన్న పుస్తకంలో, తప్పిపోయిన ఒక్క గొర్రె కోసం మిగతా మందను విడిచిపోయిన కాపరి కథ చదివాడట. "గా ముచ్చట చెప్పినోడు గొర్లు కాసినోడే అయుంటడు" అని నాతో ఎన్నోసార్లు అన్నాడు. ఆయన నమ్మకానికి పునాది అదే. గొర్రెల సంగతి తెలిసిన దేవుడు.

ఊరు విడిచాక మేము నాలుగు నెలలు తలదాచుకున్నది కూడా ఆ ముసలాయన ఇంట్లోనే. ఇప్పుడక్కడ సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. ఆ జాగాలో నిలబడి లోపలికి చూస్తుంటే, కుర్చీలో ఉన్న యువకుడు "ఏం కావాలె మేడం, రీఛార్జా?" అన్నాడు. ఏం చెప్పాలో తెలియక మావారి ఫోనుకు రీఛార్జి చేయించి వచ్చాను.

అక్కడి నుంచి దారి పొడుగునా సీతాఫలాల బుట్టలే. దసరా వెళ్లిన కొత్త. కల్వకుర్తి దాటాక ఒక బుట్ట కొని, జడ్చర్ల బస్టాండులో తిందామని బల్ల మీద పెట్టి నీళ్లకు పోయాం. తిరిగొచ్చేసరికి కోతులు చుట్టూ కూర్చొని గింజలు ఊస్తున్నాయి. "మనకన్న నయ్యం, మంచిగ కూసోని తింటున్నయి" అని మావారు ఆ రోజులో మొదటిసారి నవ్వాడు.

ఆయన మూడు తరాల క్రైస్తవుడు. పుట్టగానే ఉయ్యాలలో దొరికింది నమ్మకం. ఆ రాత్రి మహబూబ్‌నగర్ లాడ్జిలో, "నాకైతే ఎన్నడు ఎవరు ఏమనలే. నాకట్ల జరుగుతే నేను నిలవడేటోన్నో లేదో" అన్నాడు. "మా నాయిన నిలవడ్డడు" అన్నాను నేను. ఆ మాటలో కొంచెం గర్వం ఉంది. దాచను.

నారాయణపేట

ఇక్కడ మగ్గం చప్పుడు వినకుండా ఒక వీధి దాటలేం. ఒక నేతింటి ముందు ఆగి చీరలు చూపించమన్నాను. ఇంటామె చాప పరిచి, గళ్ల చీరలు, అంచు చీరలు ఒక్కొక్కటే విప్పింది. గట్టి నూలు, ఉతికినకొద్దీ మెత్తబడే రకం. మా దిక్కు పోచంపల్లి చీరలో రంగులు ఒకదాంట్లోకి ఒకటి పాకుతాయి. ఇక్కడ గడికి గడి, అంచుకు అంచు, దేని హద్దులో అది ఉంటుంది.

"ఎవరికమ్మా?"

"మా మేనత్తకు."

"ఏ రంగు కడ్తది?"

తెలియదు. ఆమె ముసలిదై ఉంటుందనేది కూడా అప్పుడే మనసుకు తట్టింది. నా కళ్ల ముందు ఉన్నది పందొమ్మిదేళ్ల పిల్ల. "ఉన్నదో లేదో కూడా తెల్వదమ్మా" అన్నాను.

ఇంటామె అన్నిటిలోంచి ముదురు ఆకుపచ్చ చీర, ఎర్ర అంచుది తీసి నా చేతిలో పెట్టింది. "గిది కొనుక్కపో. బొట్టు వెట్టుకునేటోళ్లు కట్టుకోవచ్చు, వెట్టుకోనోళ్లు కట్టుకోవచ్చు" అంది. చెప్పిన ధరలో యాభై తగ్గించింది కూడా, మేము అడగకముందే.

మక్తల్ దాటాక

మక్తల్‌లో పొద్దున బొరుగులు నానబెట్టి పోపు వేసిన ఉగ్గాని తిన్నాం. పక్కన మిరపకాయ బజ్జీ. హోటలాయన మాతో తెలుగు, పొయ్యి దగ్గరి మనిషితో కన్నడం, గల్లా పెట్టె దగ్గర ఉర్దూ మాట్లాడుతున్నాడు. మూడూ ఒక్క ఊపిరిలోనే.

ఊరికి పోయే బస్సులో కండక్టరుకు నేను చెప్పిన పేరు ఒకటి, ఆయన విన్నది ఇంకొకటి. రెండు మైళ్ల ముందే దింపేశాడు. కంది చేలు, నల్లరేగడి, తల మీద ఎండ. మావారి చెప్పు తెగింది. ఒక చెయ్యిలో చెప్పు, ఒక చెయ్యిలో సంచి పట్టుకొని ఆయన నడుస్తుంటే, ఎదురుగా నల్ల గొర్రెల మంద వచ్చింది. వెనకాల భుజాన గొంగడి వేసుకున్న నడివయసు మనిషి.

మా అవస్థ చూసి ఆగాడు. సొరకాయ బుర్రలోంచి మజ్జిగ పోసిచ్చాడు. నేను తాగుతుంటే తల వంచి నా ముఖంలోకి చూస్తున్నాడు. నాకు ఇబ్బందిగా అనిపించింది.

"ఏమనుకోకు అక్కా. నీ ముక్కు మా లచ్చవ్వత్త ముక్కు లెక్కనే ఉన్నది" అన్నాడు.

తాగడం ఆపేశాను. "లచ్చవ్వ ఉన్నదా?"

"ఎందుకుండదు? పొద్దుగాలనే నా మీద ఒర్రింది, గొర్లను సక్కగ నీళ్లకు తోలలేదని."

అతని పేరు మాళప్ప. ఆనాడు గుడి ముందు పెద్దరికం చేసిన కులపెద్దకు మనవడు. నేనెవరో చెప్పాను. అతను ఆ కథ విన్నట్టే ఉన్నాడు. మావారి చేతిలోని సంచి తీసుకొని తన భుజాన వేసుకున్నాడు.

లచ్చత్త

ఊరి చివర రేకుల ఇల్లు. ముందు అయిదారు గొర్రెలు. గడపలో ఒక ముసలామె రాట్నం మీద ఉన్ని వడుకుతోంది. తలంతా నెరిసింది. "అత్తా, చుట్టాలొచ్చిండ్రు" అన్నాడు మాళప్ప.

ఆమె చెయ్యి ఆగలేదు. "ఎవల బిడ్డవు?" అంది.

"మల్లన్న బిడ్డను. బీరమ్మను."

బీరమ్మ అన్న పేరు నలభై ఎనిమిదేళ్లలో నా నోట రాలేదు. రాట్నం ఆగింది. ఆమె నన్ను రమ్మనలేదు, కూర్చోమనలేదు. మొదట అడిగిన మాట ఒక్కటే.

"నీ తమ్ముడు బతికిండా?"

ఊరు విడిచిననాడు తమ్ముడు చంటివాడు. జ్వరంతో కాలిపోతున్నాడు. ఆ పిల్లవాడు దారిలో బతికాడో చచ్చాడో తెలియకుండా ఈమె ఇన్నేళ్లు ఉంది.

"బతికిండత్తా. హైదరాబాదుల ఆటో నడుపుతడు. ఇద్దరు బిడ్డలు."

"అగో" అని మళ్లీ రాట్నం తిప్పింది. రెండు చుట్లకే దారం తెగింది. ఇక ఏడుపు ఆపుకోలేకపోయింది. నేను వెళ్లి పక్కన కూర్చున్నాను. అదే ఉన్ని వాసన.

ఆ మధ్యాహ్నం ఆమె పుంటికూర, అదే గోంగూర, పల్చటి ఖడక్ జొన్నరొట్టెలు పెట్టింది. నాలుగు రోజులైనా చెడవట. మా ఆలేరులో వేడి తగ్గితే రొట్టె ముట్టరు. ఇక్కడ అప్పడంలా విరుచుకొని తింటారు. చీర ఇస్తే చేత్తో తడిమి చూసి, "నాకెందుకు గింత మంచిది" అంది కానీ, మడత విప్పి భుజం మీద వేసుకొనే కూర్చుంది.

మావారు ఇంకా తింటుండగానే నా నోటుబుక్కు తీశాను.

"అత్తా, గుడికాడ నాయినను కొట్టిందెవరు?"

"కొట్టుడా? కులపెద్ద ఒక్క చెంపదెబ్బ కొట్టిండు, గంతే. కొట్టినంక ఆయననే ఏడ్చిండు. మీ నాయిన ఆయనకు మేనల్లుడు గద."

ఒక్క చెంపదెబ్బ. ముప్పై ఏళ్లలో నా నోట్లో అది కర్రల దెబ్బలైంది. ఎప్పుడు పెరిగిందో నాకే తెలియదు.

"బండారు వెట్టుకోని, తప్పయిందని బీరప్పకు మొక్కుతే ఇడుస్తమన్నరు" అంది ఆమె. బండారు అంటే ఆ దేవుని పసుపు.

"నాయిన ఒప్పుకోలే" అన్నాను, రాసుకుంటూ.

ఆమె నా చేతి వంక చూసింది. "ఎవలు చెప్పిండ్రు? ఒప్పుకున్నడు. రెండోనాడు పొద్దుమీకి ఒప్పుకున్నడు."

కలం ఆగిపోయింది. మావారు రొట్టె ముక్క చేతిలోనే పట్టుకొని ఉన్నాడు.

"అప్పటికి నాకు రాయచూరు దిక్కు పెండ్లి కుదిరింది. రెండోనాడు ఆళ్లు మనిషిని తోలిరి, వెలైన ఇంటి పిల్లను చేసుకునేది లేదని. నేను సందెకాడ మీ పెరటి గోడ ఎనక ఉన్న. అంత ఇనవడ్డది. మీ నాయిన రుమాలు చుట్టుకోని లేసిండు. 'లచ్చి గతేంది, పిల్లలు దూపకు సస్తున్నరు, పోయి మొక్కొస్త' అన్నడు. మీ అమ్మ పిల్లగాన్ని ఎత్తుకోని తలుపుల అడ్డం నిలవడ్డది."

"అమ్మనా?" అమ్మ బాప్తిస్మం తీసుకున్నది ఆలేరు వచ్చిన పదేళ్లకు. నా సాక్ష్యంలో ఆమె ఎప్పుడూ మూలన కూర్చొని ఏడుస్తూ ఉండేది.

"మీ అమ్మనే. 'నీ దేవుడెవరో నాకు తెల్వది. నువ్వు నమ్మినవు. నమ్మింది అబద్దమనిపిస్తే పోయి మొక్కు, నేను వొద్దన. భయమై పోతే మాత్రం పోకు. రేపటిసంది నీ మొకం నువ్వెట్ల చూసుకుంటవు' అన్నది. మరి లచ్చి గతేందని మీ నాయిన మల్లొక్కసారి అడిగిండు. మీ అమ్మ ఏడ్చింది. తలుపుల్లకెల్లి మాత్రం జరగలే."

పెళ్లి ఆగిపోయింది. తరవాత ఒకరిద్దరు వచ్చారట, రెండో పెళ్లివాళ్లు. ఈమే వద్దంది. తల్లిదండ్రులను సాకింది, గొర్రెలను కాసింది. తాత పోయినప్పుడు నాయిన వస్తే పొలిమేరలోనే ఆపేశారనీ, ఆ సంగతి ఆమెకు తరవాత తెలిసిందనీ చెప్పింది. అన్న ముఖం మళ్లీ చూడలేదు.

అప్పుడు నేను అడిగాను. "మూడోనాడు పొద్దుగాల కూడా గోడ మీద నీళ్ల కుండ ఉండె. ఎవరు వెట్టిండ్రత్తా?"

"ఎవలు వెడ్తరు?" అంది విసుగ్గా, తెలివితక్కువ ప్రశ్న అడిగినట్టు.

"అమ్మ మాట ఇన్నంక కూడనా? కోపం రాలేదా?"

"రాకేంది? కోపం కోపమే. పిల్లలకు దూపైతది గద."

మావారు కళ్లు తుడుచుకొని, "ఆ దేవుడే నీ మనసుల పుట్టిచ్చిండత్తా" అన్నాడు.

ఆమె చురుగ్గా చూసింది. "ఒకలు పుట్టిచ్చుడేంది? పిల్లలేడుస్తుంటే గోడ ఇవతలికి ఇనవడదా?"

విశ్వాసం కోసం శ్రమపడ్డవాళ్ల గురించి ముప్పై ఏళ్లు చెప్పాను. పక్కింటి గోడ అవతల, ఆ విశ్వాసం తనది కాకపోయినా దాని బరువంతా మోసిన మనిషి ఒకరున్నారని నాకు తట్టనే లేదు.

"మీరు పోయేనాడు పొలిమేర దాక ఉరికొచ్చిన" అంది లచ్చత్త, గొంతు తగ్గించి. "'నా బతుకు ఆర్పి పోతున్నవు వదినె' అని దుబ్బమన్ను ఎత్తి మీ అమ్మ మీద పోసిన. నీకు యాదికి లేదా?"

లేదు. నేను తమ్ముణ్ని ఎత్తుకొని ముందు నడుస్తున్నాను.

"ఇప్పుడు కోపమున్నదా?"

ఆమె కాసేపు ఆలోచించింది. నాకోసం మంచి మాట వెతకడం కాదు, నిజంగానే లోపల చూసుకుంటున్నట్టు. "ఏడికి వొయిందో తెల్వది. గొర్ల ఎనక నడిచి నడిచి అరిగినట్టుంది" అంది.

ఆదివారం

వాగు అవతల ఇప్పుడొక చిన్న చర్చి ఉంది. రేకుల కప్పు, ముప్పై మంది మనుషులు. పాస్టరు వారమంతా బట్టలు కుట్టి, ఆదివారం వాక్యం చెబుతాడు. మేము బయల్దేరుతుంటే లచ్చత్త పచ్చచీర కట్టుకొని వెంట వచ్చింది. "లోపలికి రాను. గడపల కూసుంట" అంది. అట్లాగే కూర్చుంది.

పాస్టరు నన్ను సాక్ష్యం చెప్పమన్నాడు. లేచి నిలబడ్డాను. చెంపదెబ్బ ఒక్కటే అని చెప్పాను. నాయిన భయపడ్డాడని, రుమాలు చుట్టుకొని లేచాడని చెప్పాను. తలుపులో అమ్మ నిలబడిందని, గోడ వెనక లచ్చత్త విన్నదని చెప్పాను. "తెల్లారేసరికి గోడ మీద నిండు కుండ ఉండేది" అనగానే గడపలోంచి గట్టిగా వినిపించింది.

"నిండు కుండ యాడిది? సగమే. ఎవలన్న చూస్తరని ఉరికొచ్చేటాలకు సగం ఒలికిపోతుండె."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ రోజు ఎవరూ కొంగుతో కళ్లు ఒత్తుకోలేదు.

ప్రార్థన అయిపోయాక ఒక పడుచుపిల్ల నా దగ్గరికి వచ్చింది. బాప్తిస్మం తీసుకున్న దగ్గర్నుంచి పుట్టింటివాళ్లు ఆమెతో మాట్లాడడం లేదట. "మీ నాయినకు భయమైన మాట నిజమేనా అమ్మా?" అంది. నిజమే అన్నాను. "నాకు రోజు అయితది. నా ఒక్కదానికే అనుకున్న" అని నా చెయ్యి పట్టుకొని చాలాసేపు వదల్లేదు.

మళ్లీ ఆలేరు

తిరుగు ప్రయాణంలో మావారి మాట విన్నాను. సికింద్రాబాదు మీదుగా ఒక్క రోజులో వచ్చేశాం.

అమ్మ ముందు వాకిట్లో కూర్చొని చింతపండు గింజలు తీస్తోంది. నేను పక్కన కూర్చొని అంతా చెప్పాను. ఆమె తల ఎత్తలేదు. చేతులు మాత్రం నెమ్మదించాయి.

"దుబ్బ పోసిన ముచ్చట చెప్పిందా?" అంది చివరికి.

"చెప్పింది. నువ్వెందుకు చెప్పలేదమ్మా, ఇన్నేండ్లల్ల? నాయినను నిలవెట్టింది నువ్వే గదా. సంఘమంతా నీ గురించి చెప్పుకునేటోళ్లు."

"ఏమని చెప్పుకుంటరు? నా ఒక్క మాటకు ఆ పిల్ల బతుకు వోయింది. ముంగట పెండ్లి పెట్టుకున్న పిల్ల. మీ నాయిన మొక్కొస్తే దాని ఇల్లు నిలుస్తుండె. నేను తలుపుల నిలవడ్డ. అది సాక్ష్యమెట్లయితది బిడ్డా?"

"నువ్వు చేసింది తప్పంటవా?"

"తప్పనను. మల్ల అట్ల వస్తే మల్ల నిలవడ్త. అయినా దాని మొకం నేను చూడలేను." చింతపండు పళ్లెం పక్కకు జరిపింది. "ఇంక కోపమున్నదా దానికి?"

"అరిగిపోయిందన్నది."

అమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంది. ఒక్కో వేలూ విడిగా, చాలాసేపు. తరవాత, "ఫోను కలుపు" అంది.

మాళప్పకు కలిపాను. అతను ఫోను పట్టుకొని పరిగెత్తుతున్న చప్పుడు, గొర్రెల అరుపులు, "అత్తా, అత్తా" అన్న కేక వినిపించాయి. నేను ఫోను అమ్మ చెవికి ఆనించాను. రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. అటు నుంచీ మాట లేదు, ఇటు నుంచీ మాట లేదు. కట్ అయిందేమోనని నేను తొంగి చూశాను. కాలేదు.

చివరికి అటు నుంచే వచ్చింది, నాకు కూడా వినిపించేంత గట్టిగా.

"తిన్నవా వదినె?"

"ఇంక లేదు పిల్లా" అంది అమ్మ. "నువ్వు తిన్నవా?"